పాత పైపులోనే

ఆ ఎండాకాలం నేను ఒక మనిషి మీద పగ తీర్చుకున్నాను. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. ఆయన ఎలా చెయ్యమన్నాడో అచ్చం అలాగే చేశాను.

మాది ధవళేశ్వరం. ఆఫీసుల్లో కంప్యూటర్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్కు వెయ్యడం నా పని. ఏ బల్ల ఎక్కడ వస్తుంది, తీగ ఏ గోడ వెంట పోవాలి, తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె ఏ మూల పెడితే వేడెక్కకుండా ఉంటుంది, ఇవన్నీ ముందు కాగితం మీద గీసుకుని, ఆ తరవాత నిచ్చెనెక్కి కేబుల్ లాగుతాను. డిప్లొమా అయ్యాక నాలుగేళ్ళు రాజమండ్రిలో ఒకరి దగ్గర చేసి, సొంతంగా మొదలుపెట్టి రెండేళ్ళయింది.

ఏప్రిల్ రెండో వారంలో మణిదీప్ అనే అతను ఫోన్ చేశాడు. "కడియంలో మాకు నర్సరీ ఉందండి. కొత్త ఆఫీసు కట్టుకున్నాం. లోపల ఎనిమిది కంప్యూటర్లు, రోడ్డు వైపు సేల్స్ షెడ్డులో ఒకటి. అన్నీ కలపాలండి," అన్నాడు. నర్సరీ పేరు చెప్పి, దారి చెప్పబోయాడు.

"దారి చెప్పక్కర్లేదండి, నాకు తెలుసు," అన్నాను.

తెలియకపోవడమేం. మా నాన్న వీరబ్రహ్మం ఆ నర్సరీలో పద్దెనిమిదేళ్ళు కరెంటు పని చేశాడు. మూడేళ్ళ కిందట అక్కడ కొబ్బరి పీచు నిలవ ఉంచే షెడ్డు అంటుకుంది. మనుషులకేం కాలేదు గానీ షెడ్డు, దాని పక్కనున్న అంటు మొక్కలు మొత్తం బూడిదయ్యాయి. ఆ షెడ్డు వైరు పాతదైపోయింది, దాని మీద కొత్త మిషన్లు పెట్టొద్దని నాన్న ఆరు నెలలుగా చెబుతూనే ఉన్నాడు. యజమాని వీరవెంకటసత్యనారాయణ గారు, అందరూ సత్తిబాబు గారంటారు, ప్రతిసారీ "చూద్దాంలే బ్రహ్మం" అనేవాడు. మంట ఆరిన మర్నాడు ఆయనే, పదిమంది ముందు, మా నాన్నని చూపించి "వీడి వైరింగు వల్లే" అన్నాడు.

"నేను చెప్పాను కదండీ," అన్నాడట నాన్న.

"ఎప్పుడు చెప్పావు? ఎవరు విన్నారు? కాగితం మీద రాసిచ్చావా?"

రాసివ్వలేదు. మా నాన్న ఎవరి దగ్గరా కాగితాల మీద పని చేసిన మనిషి కాదు. ఆ తరవాత కడియంలో గానీ, వేమగిరిలో గానీ, మా ధవళేశ్వరంలో గానీ ఆయన్ని పనికి పిలిచిన ఇల్లు లేదు. షెడ్డు తగలబెట్టిన బ్రహ్మం అని పేరు పడింది. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వీధి అరుగు మీద కూర్చునేవాడు. ఇంట్లో ట్యూబులైటు పోతే నేను మార్చేదాన్ని. ఆయన తల తిప్పుకునేవాడు.

ఎక్కడికి వెళుతున్నానో ఇంట్లో చెప్పకుండా మర్నాడు కడియం వెళ్ళాను.

సత్తిబాబు గారు నన్ను చూడగానే గుర్తుపట్టారు. "నువ్వు బ్రహ్మం కూతురివి కదూ?"

"అవునండి."

"మీ నాన్న పని మీద మాకు నమ్మకం పోయింది గానీ నీ మీద ఏం లేదమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి. పాతవన్నీ మనసులో పెట్టుకోకు."

"అలాగేనండి," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది. అప్పటికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. ఆయన వెనకాల టేపు పట్టుకుని నడుస్తూ కొలతలు రాసుకుంటున్నాను, అంతే. కొత్త ఆఫీసు లోపల చిక్కేం లేదు. స్విచ్ పెట్టె బాత్రూము గోడకి దూరంగా ఉత్తరం మూల పెట్టాలని, ఒక్కో బల్లకి రెండేసి పాయింట్లు ఇవ్వాలని, తీగలన్నీ సీలింగు పైనుంచి దించాలని గీశాను. చిక్కల్లా సేల్స్ షెడ్డుతోనే. ఆఫీసుకీ షెడ్డుకీ మధ్య పెద్ద లాను ఉంది. ఆ గడ్డి సత్తిబాబు గారి ప్రాణం. చెప్పులతో తొక్కితే కూలీలని కేకలేసేవారు. కొలిస్తే ఎనభై ఎనిమిది మీటర్లు వచ్చింది. ఈ కేబుల్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది, కాబట్టి దూరంతో ఇబ్బంది లేదు.

"ఇక్కడ అడుగున్నర లోతు గొయ్యి తీసి కొత్త పైపు వెయ్యాలండి," అన్నాను.

"గొయ్యా? నా లానులోనా? మోటారు వైరు పైపు ఆల్రెడీ ఉందిగా. ఆఫీసు పక్కనించి మోటారు షెడ్డు మీదుగా అటే పోతోంది. దాంట్లో దూర్చెయ్."

"కరెంటు వైరు ఉన్న పైపులో ఇది వెయ్యకూడదండి. వేరేగా అయితే మంచిది."

ఆ మాట నేను చెప్పిన తీరు గురించి ఇక్కడ దాచకుండా చెప్పాలి. ఇంకో చోటైతే "అలాగైతే ఈ పని నేను చెయ్యనండి" అని టేపు చుట్టేసేదాన్ని. ప్రమాదం ఏమిటో, ఎవరికో విప్పి చెప్పేదాన్ని. ఇక్కడ మాత్రం మెల్లగా, ఆయన కాదనడానికి కావలసినంత చోటు వదిలి చెప్పాను. ఆయన కాదంటాడని నాకు తెలుసు. కాదనాలని కోరుకున్నాను.

"మంచిదేనమ్మా, నీకు తెలిసింది నువ్వు చెప్పావు. పాత పైపులోనే వెయ్యి," అన్నారు.

డ్రాయింగు తీసి బల్ల మీద పరిచాను. "ఈ గీత పక్కన మీరే ఒక ముక్క రాసి సంతకం పెట్టండి. మా రికార్డు కోసం."

ఆయనకి సంతకాలంటే సరదా. పెన్ను తీసి గుండ్రటి అక్షరాలతో రాశారు: 'పాత పైపులోనే వేయవలెను. లాను తవ్వరాదు.' కింద పూర్తి పేరు, తేదీ.

తిరిగి వచ్చేటప్పుడు వేమగిరి దగ్గర బండి ఆపి, కాలవ గట్టు మీద నిలబడి ఆ కాగితం మళ్ళీ చదువుకున్నాను. ఎవరు విన్నారు, కాగితం ఉందా అన్నాడు కదా. ఇదిగో కాగితం. ఇక ఇది పాడైన రోజున ఆయన ఎవరిని వేలెత్తి చూపిస్తాడో చూడాలి.

మే నెలంతా అక్కడే పని. ఆఫీసు లోపల ఎవరూ వేలు పెట్టి చూపించడానికి లేకుండా చేశాను. ప్రతి తీగకీ రెండు కొసలా నంబరు చీటీలు అంటించాను. మణిదీప్ స్విచ్ పెట్టె తలుపు తెరిచి చూసి, "ఇంత నీటుగా ఉంటుందని నేననుకోలేదండి," అన్నాడు. అతను సత్తిబాబు గారి అబ్బాయి. మంట అంటుకున్నప్పుడు బెంగళూరులో చదువుకుంటున్నాడు. నేనెవరో అతనికి తెలిసినట్టు లేదు. చెప్పాలని నాకూ అనిపించలేదు.

సేల్స్ షెడ్డులో బిల్లులు కొట్టే అమ్మాయి పేరు సత్యశ్రీ. డిగ్రీ అయిపోయి ఆరు నెలలయిందట. మొదటి రోజే "అక్కా" అంటూ వరస కలిపేసింది. మధ్యాహ్నం తన మజ్జిగ సీసాలోంచి నాకు సగం పోసేది. మొక్కల మీద నీళ్ళు చల్లుతూనే ఉంటారు కాబట్టి షెడ్డు నేల ఎప్పుడూ తడే. చెప్పులు జారతాయని గుమ్మం దగ్గర విడిచి, ఉత్త కాళ్ళతో తిరిగేది. అది నేను చూశాను. రోజూ చూశాను.

కేబుల్ లాగిన రోజు మోటారు చూసుకునే రాజరత్నం నాకు సాయం పట్టాడు. అరవై ఏళ్ళుంటాయి. పైపు దగ్గర వంగి చూసి, "దీంట్లోనా అమ్మా?" అన్నాడు.

"అయ్యగారు రాసిచ్చారు."

కేబుల్ కొస అందుకున్నాడు. కాసేపటికి "బ్రహ్మం ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. నేను కేబుల్ పైపులోకి తోశాను. నాన్న ఆరు నెలలు మొత్తుకున్నప్పుడు పక్కనే నిలబడి విన్నవాడు ఇతనే. మంట మర్నాడు తలొంచుకుని నిలబడ్డవాడూ ఇతనే.

మోటారు షెడ్డు దగ్గర కేబుల్ ఎక్కడో పట్టేసింది. ఇద్దరం కలిసి గట్టిగా గుంజితే ఒక్కసారిగా వచ్చేసింది. అటు కొసన బయటికొచ్చిన కేబుల్ మీద నల్లటి పొట్టు అంటుకుని ఉంది. ఏదో ఒరుసుకుంది. ఆ పొట్టేమిటో నాకు తెలుసు. గుడ్డ పెట్టి తుడిచేశాను. మధ్యాహ్నం మోటారు ఆపి ఉన్న వేళ చూసి టెస్టు చేశాను. టెస్టరు మీద దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. మణిదీప్ చేత పని పూర్తయిందని సంతకం పెట్టించుకున్నాను.

ఆ డ్రాయింగు ఒక ఆదివారం పొద్దున మా భోజనాల బల్ల మీద నాన్న కంటపడింది. నేను మరిచిపోయి వదిలేశానో, ఆయన చూడాలనే వదిలేశానో ఇప్పటికీ చెప్పలేను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. లాను, మోటారు షెడ్డు, రోడ్డు. ఎక్కడిదో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. గుండ్రటి అక్షరాలు కూడా చదివాడు.

"ఈ పైపు నేను వేసిందే," అన్నాడు. "మోటారు షెడ్డు దగ్గర వంపు ఉంది. అక్కడ కొత్తది లాగితే పాత వైరు తోలు లేచిపోతుంది. లాగేశావా?"

"లాగేశాను."

"చెప్పావా ఆయనకి?"

"చెప్పాను నాన్నా. వద్దన్నాడు. రాసిచ్చాడు కూడా."

"అది కాదు దుర్గా. ఊరికే చెప్పావా, ఆగేలా చెప్పావా?"

నేను డ్రాయింగు మడిచి సంచిలో పెట్టుకున్నాను. "మీరు ఆగేలానే చెప్పారు. ఏం ఒరిగింది?" అన్నాను. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మ పేరు పాపాయి. అరుగు మీద కూర్చున్న మొగుణ్ణి మూడేళ్ళుగా చూస్తున్న మనిషి. నా వైపు చూసింది గానీ నన్ను ఆపే మాట ఒక్కటీ అనలేదు.

జూన్ ఆఖర్లో నాలుగు చినుకులు పడేసరికి కడియంలో సీజను మొదలైంది. ఎక్కడెక్కడి లారీలూ వచ్చి రోడ్డు పొడవునా నిలబడ్డాయి. నా ఫోను మోగడం కూడా అప్పుడే మొదలైంది.

"షెడ్డులో సిస్టం మధ్యమధ్యలో ఆగిపోతోందండి. మళ్ళీ దానంతటదే వస్తోంది," అన్నాడు మణిదీప్. వారం తిరక్కుండానే కారణం అతనే కనిపెట్టాడు. మోటారు వేస్తే బిల్లింగు ఆగుతోంది, మోటారు ఆపితే నడుస్తోంది. పైపులో పక్కనే పోతున్న మోటారు కరెంటు నా కేబుల్‌ని చెదరగొడుతోందన్నమాట. వానలు సరిగా పట్టలేదు, పొద్దున పూట మొక్కలకి నీళ్ళు పెట్టక తప్పదు. కొనేవాళ్ళు వచ్చేదీ పొద్దున పూటే. నీళ్ళు పెడితే బిల్లుల్లేవు, బిల్లులు కొడితే నీళ్ళు లేవు. లారీల వాళ్ళు షెడ్డు ముందు నిలబడి తిడుతున్నారట. సత్తిబాబు గారు ఒకసారి మోటారు వెయ్యమని, ఒకసారి ఆపమని, లానుకి అటూ ఇటూ తిరుగుతున్నారట.

"కొత్త గొయ్యి తవ్విస్తే సరిపోతుందండి. నాన్నగారిని అడగండి," అని ప్రతిసారీ ఒకటే చెప్పాను. ఆయన ఒప్పుకోరని తెలిసే చెప్పాను. అమ్మకి ఇదంతా చెబితే నవ్వలేదు గానీ, ఆ పూట నాకిష్టమని పనసపొట్టు కూర చేసింది. ఇద్దరం తృప్తిగా తిన్నాం. నాన్న పెరుగన్నం మాత్రం కలుపుకుని లేచిపోయాడు. అలా పన్నెండు రోజులు. అంత హాయిగా నేనెప్పుడూ అన్నం తిని ఉండను, నిద్రపోయి ఉండను.

జులై రెండో వారంలో ఒక పొద్దున గట్టి వాన పట్టుకుంది. తొమ్మిదిన్నరకి నర్సరీ నుంచి ఫోను. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. మూడోసారి మోగుతుంటే ఫోను బల్ల మీద పెట్టి, అది కదులుతుంటే చూస్తూ కాఫీ తాగాను. ఆయన్ని తడవనీ, తిరగనీ అనుకున్నాను. నాలుగోసారి వచ్చింది తెలియని నంబరు. వేరే ఎవరో అనుకుని ఎత్తాను.

"అక్కా, నేను సత్యశ్రీని. మణిదీప్ గారు చేస్తుంటే నువ్వు ఎత్తట్లేదంట, అందుకని నా ఫోన్ నించి చేస్తన్నాను. మౌస్ పట్టుకుంటే చెయ్యంతా చీమలు పాకినట్టుందక్కా. ఇందాక కంప్యూటర్ పెట్టె ముట్టుకుంటే విసిరేసినట్టయింది. వీళ్ళేమో నెట్‌వర్క్ తీగలో కరెంటెందుకు వస్తుంది, నువ్వు బిల్లులు కొట్టు అంటన్నారు."

తడి ఆరని ఆ నేలా, ఆమె ఉత్త కాళ్ళూ నా కళ్ళకి కట్టాయి. నేల కింద ఎలకలు కొరక్కుండా ఉండాలని నేను లోపల రేకు చుట్టిన కేబుల్ వాడాను. పైపులోకి నీళ్ళు దిగి ఉంటాయి. వంపు దగ్గర తోలు లేచిన వైరులోంచి కరెంటు ఆ రేకు పట్టుకుని నేరుగా ఆమె బల్ల దాకా వస్తోంది.

"చేతులు తియ్యి. దేన్నీ ముట్టుకోకు," అన్నాను. "చెప్పులు వేసుకుని బయటికెళ్ళి నిలబడు. రాజరత్నాన్ని మోటారు మెయిన్ దించమను. ఫోన్ పెట్టకు. దించాడా?"

చాలాసేపటికి "దించాడక్కా" అంది.

వెనక్కి తిరిగితే నాన్న గుమ్మంలో ఉన్నాడు. "పద," అన్నాడు.

వానలోనే బయలుదేరాం. కాలవ వెంట దారి పొడుగునా నాన్న అన్నది ఒక్కటే మాట: "వంపు దగ్గరే."

మేం వెళ్ళేసరికి సత్యశ్రీ గొడుగు కింద నిలబడి, ఒక చేత్తో ఇంకో చెయ్యి రుద్దుకుంటోంది. నన్ను చూసి నవ్వింది. చుట్టూ లారీల వాళ్ళు, కొనుగోలుదార్లు, కూలీలు. సత్తిబాబు గారు షెడ్డు చూరు కిందనించే మొదలుపెట్టారు.

"చూశారా, తండ్రి షెడ్డు తగలబెట్టాడు, కూతురు మనిషిని చంపబోయింది. వీళ్ళ వంశమే అంత."

ఇన్ని నెలలు నేను ఎదురుచూసింది ఈ మాట కోసమే. సంచిలోంచి డ్రాయింగు తీసి మణిదీప్ చేతికిచ్చాను. "గట్టిగా చదవండి. అక్షరాలు ఎవరివో మీకు తెలుసు."

అతను చదివాడు. "పాత పైపులోనే వేయవలెను. లాను తవ్వరాదు." తండ్రి పేరు, తేదీ కూడా చదివాడు. 

"అప్పుడు కూడా ఇంతేనండి," అన్నాడు రాజరత్నం. ఎవరి వైపూ చూడకుండా, తడిసిన నేల వైపు చూస్తూ అన్నాడు. "పీచు షెడ్డు వైరు మార్చాలని బ్రహ్మం చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాడు."

సత్తిబాబు గారు కొడుకు మొహం చూశారు. గొడుగు కూడా తీసుకోకుండా లాను మీదుగా నడిచి, ఆఫీసులోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

నాన్న ఇదంతా వినలేదనుకుంటాను. అప్పటికే మోటారు షెడ్డులో ఉన్నాడు. అక్కడున్న టెస్టరు పట్టుకుని ఒక్కో వైరూ చూసుకుంటూ, లోపలినించే కేకేశాడు: "గొయ్యి తవ్వేవాళ్ళని నలుగుర్ని పిలవండి."

"లానులోనే కదండీ? తవ్వించండి," అన్నాడు మణిదీప్.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. నలుగురు పలుగులు, పారలు పట్టుకుని ఆ గడ్డిని చీల్చుకుంటూ పోయారు. ముక్కలు ముక్కలుగా బురద అంటుకుని లేస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. ఆఫీసు కిటికీ తెర ఒకసారి కదిలింది. కడుపు నిండినట్టుంది నాకు. సాయంత్రానికి కొత్త పైపు వేసి, కొత్త కేబుల్ లాగి, మోటారు తిరుగుతుండగానే టెస్టు చేశాను. నాన్న ఆ రోజంతా నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా అడిగాడు. "ఆ పిల్లకేమైనా అయ్యుంటే, ఆ కాగితం వాళ్ళమ్మకి చూపించేదానివా?"

అమ్మ చెంబు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సత్తిబాబు గారు మా ఇంటికి రాలేదు, క్షమించమని అడగలేదు. కానీ ఆ రోజు అక్కడున్న వాళ్ళ నోట మాట కడియమంతా పాకింది. వారం తిరక్కుండా ఒక నర్సరీ వాళ్ళు, ఆ తరవాత వేమగిరిలో ఇంకొకరు, నాన్నని పనికి పిలిచారు. మళ్ళీ పొద్దున్నే బండి తీసి వెళుతున్నాడు. తను చేసే ప్రతి పనీ ముందు ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటున్నాడు. నాతో కలిసి మాత్రం పని చెయ్యనన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

సత్తిబాబు గారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలి లేదు. ఆ గడ్డి మళ్ళీ మొలిచిందో లేదో తెలియదు, మొలవకపోతే సంతోషం.

శ్రావణంలో ఒక ఆదివారం సత్యశ్రీ మా ఇంటికొచ్చింది. చేతిలో పూతరేకుల పెట్టె. ఆత్రేయపురంలో వాళ్ళ మేనత్త చేసినవట. "అమ్మ పంపించిందక్కా. ఆ రోజు నువ్వు ఫోన్ ఎత్తి చేతులు తియ్యమనకపోతే మా అమ్మాయి దక్కేది కాదని అందరికీ చెబుతోంది. నీ కాళ్ళకి దణ్ణం పెట్టి రమ్మంది," అంటూ వంగబోయింది.

నేను వెనక్కి జరిగాను. కూర్చోమన్నాను. నల్లటి పొట్టు సంగతి చెప్పాను. మోటారు ఆపిన వేళ చూసి టెస్టు చేసిన సంగతి చెప్పాను. తను చెప్పులు విడిచి తిరగడం రోజూ చూసిన సంగతి, ఆ పొద్దున మూడుసార్లు ఫోను ఎత్తని సంగతి, నాలుగోసారి వేరే ఎవరో అనుకుని ఎత్తిన సంగతి, ఏదీ వదలకుండా చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను.

ఆమె తన కుడి చెయ్యి చూసుకుంది. తరవాత లేచి, పెట్టె బల్ల మీద అలాగే ఉంచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"మా అమ్మకి నేనేం చెప్పనులెండి," అంది. "వస్తానండీ."

మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అని తప్ప ఇంకోలా పిలవని పిల్ల.